హెడ్‌లైటు మసకబారిందా, నాన్నగారి చూపు మసకబారిందా?

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరారు కనుక, విషయం అర్థం కావడానికి కావలసినంత మేరకే దాని సారాంశం ఇక్కడ ఇస్తున్నాను.

వారి తండ్రిగారు తపాలా శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. వయసు 68. 2011లో కొన్న వ్యాగన్ఆర్ కారును ఈనాటికీ తానే నడుపుతారు. వారానికి రెండుసార్లు పొలానికి వెళ్ళి, చీకటి పడ్డాక కాలువ గట్టు మీదుగా ఇంటికి చేరడం ఆయనకు అలవాటు. మొన్నటి దాళ్వా కోతలప్పుడు, రోడ్డు మీద ఆరబోసి రాత్రికి నల్ల టార్పాలిన్ కప్పి చుట్టూ రాళ్ళు పేర్చిన ధాన్యం కుప్పను ఆఖరి క్షణంలో చూసి బ్రేకు తొక్కారట. ఇంటికి వచ్చి, "నా కళ్ళు పోయాయమ్మా, ఇక రాత్రిళ్ళు బండి తీయను" అన్నారట. శుక్లం మొదలైందని కంటి డాక్టరు రెండేళ్ళ క్రితమే చెప్పి ఉన్నారు. మర్నాడు అమ్మాయి కారు ముందుకు వెళ్ళి చూస్తే హెడ్‌లైట్లు రెండూ పసుపు పట్టి ఉన్నాయి, కుడివైపుది మరీ ఎక్కువగా. ఒక వీడియోలో చూపినట్టు టూత్‌పేస్టుతో రుద్దితే అద్దాల్లా మెరిశాయి, తండ్రిగారు ముచ్చటపడ్డారు. రెండు నెలలు తిరగకముందే అవి ముందుకంటే ఎక్కువగా పసుపెక్కాయి. ఈసారి పట్టుదలకు పోయి, తలుపుల పనికి వడ్రంగి తెచ్చి మిగిల్చిన 220 నంబరు గరుకు కాగితంతో, నీళ్ళు కూడా వేయకుండా, కుడి లైటును రుద్దేశారు. అది ఇప్పుడు మజ్జిగ అంటిన గాజుగ్లాసులా తెల్లబడింది. తండ్రిగారు ఒక్క మాట అనలేదు. కారు తాళాలు తీసుకెళ్ళి దేవుడి అరలో పెట్టి, "అమ్మేద్దాం" అన్నారు.

హైదరాబాదులో ఉన్న తమ్ముడు ఎల్ఈడీ బల్బులు వేయించమంటున్నాడు. విడిభాగాల దుకాణంలో కొత్త హెడ్‌లైట్ల జతకు ఐదు వేల ఆరు వందలు చెప్పారు. పక్కింటివారు దోమల మందు చల్లి తుడవమన్నారు. ఫోనులో ఏదో ఆవిరి పట్టే పరికరం ప్రకటన వస్తోంది. వచ్చే మార్చితో కారుకు పదిహేనేళ్ళు నిండుతాయి, రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. "నేను చేసిన నష్టాన్ని ఇంట్లోనే సరిదిద్దుకోగలనా? అసలు నాన్నగారిని మళ్ళీ బండి తీయమనడం న్యాయమేనా?" అన్నవి వారి ప్రశ్నలు.

అమ్మా, ముందుగా మీ మనసులోని బరువు గురించి చెబుతాను. మీరు ఆ లైటును పాడు చేయలేదు. దాని పై కప్పు మందం రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది, 220 కాగితం చేసిన గీతలు అందులో చాలా కొద్ది లోతుకే దిగుతాయి. చూడ్డానికి ఘోరంగా కనిపించడానికి కారణం, ఆ వేలాది సన్నని గీతల్లో ప్రతి ఒక్కటీ వెలుగును తలో దిక్కుకూ చెదరగొట్టడమే. ఇంకా సన్నని కాగితాలతో వరుసగా రుద్దుకుంటూ పోతే అవి పోతాయి. ఓపిక కావాలి, ఒక పూట సమయం కావాలి, అంతకంటే పెద్ద ఖర్చు లేదు.

మీ నాన్నగారు తమ పాత అంబాసిడర్ లైట్లు ఇరవై ఏళ్ళకు కూడా పసుపెక్కలేదని అన్నారని రాశారు. ఆయన మాట అక్షరాలా నిజం. అంబాసిడర్‌కు ఉన్నది గాజు. ఇప్పటి కార్ల హెడ్‌లైటు ముందుభాగాన్ని కూడా మనం అలవాటు కొద్దీ గ్లాసు అనే పిలుస్తాం గానీ, అది పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. సీడీలు చేసేది దీనితోనే. తేలికగా ఉంటుంది, రాయి తగిలినా గాజులా పగలదు, ఏ వంపులోనైనా పోత పోయవచ్చు. దీనికి ఉన్న బలహీనతలు రెండు: తేలికగా గీతలు పడతాయి, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పై పొర పసుపెక్కి పెళుసుబారుతుంది. అందుకే ఫ్యాక్టరీలోనే దాని మీద కంటికి కనబడని గట్టి రక్షణ పూత ఒకటి వేసి పంపుతారు. ఏళ్ళ తరబడి ఎండ, దుమ్ము, గుడ్డతో తుడవడం, ఇవన్నీ కలిసి ఆ పూతను అరగదీస్తాయి. కొన్ని చోట్ల అది పొట్టులా లేస్తుంది, మిగిలిన చోట్ల మసకబారుతుంది. మీరు చూసిన పసుపు కొంత ఆ చచ్చిపోయిన పూతది, కొంత దాని కింద ఎండకు బయటపడిన ప్లాస్టిక్‌ది.

టూత్‌పేస్టు చిక్కుముడి ఇక్కడ విడిపోతుంది. పళ్ళ మీద గారను గీకడానికి అందులో మెత్తని గరుకు పొడి ఉంటుంది, అదే లైటు మీది మసకను కూడా గీకింది, అందుకే మెరిసింది. కానీ దానితో పాటు అక్కడక్కడా మిగిలి ఉన్న రక్షణ పూతను కూడా అది తీసుకుపోయింది. జూన్ ఎండలో ఆ ప్లాస్టిక్ ఏ కప్పూ లేకుండా నిలబడింది, రెండు నెలల్లో ముందుకంటే ఎక్కువ పసుపెక్కింది. హెడ్‌లైటును ఎలా మెరిపించాలో చెప్పేవారు వందమంది దొరుకుతారు గానీ, తీసేసిన పూత స్థానంలో కొత్త పూత వేయకపోతే చేసిన శ్రమ మొత్తం వృథా అవుతుందని చెప్పేవారు తక్కువ. రుద్దడం సగం పని మాత్రమే. ఈ ఒక్కటి పట్టుకుంటే, మిగిలిన సలహాలన్నిటినీ మీరే తూకం వేసుకోగలరు.

అయితే రుద్దడం మొదలుపెట్టే ముందు, మీ ఉత్తరంలో ఒకదానితో ఒకటి చిక్కుపడిపోయిన రెండు విషయాలను విడదీయాలి. ఆ రాత్రి కుప్ప కనబడకపోవడానికి కారణం లైట్లా, కళ్ళా? నాన్నగారు నేరం మొత్తం తన కళ్ళ మీద వేసుకున్నారు, మీరు మొత్తం లైట్ల మీద వేశారు. రెండిటికీ వాటా ఉండవచ్చు. ఎదురుగా వచ్చే వాహనాల వెలుగు ఆయనకు చీలికలు చీలికలుగా విచ్చుకున్నట్టు, చుట్టూ వలయం కట్టినట్టు కనిపిస్తుంటే, అది శుక్లం లక్షణం, లేదా ముందు అద్దం లోపలివైపు పట్టిన జిడ్డు పొర వల్ల. మన హెడ్‌లైటు మసకకు దానితో సంబంధం లేదు. ఎదురుగా ఏ బండీ లేనప్పుడు కూడా రోడ్డు మసక చీకటిగా, పసుపుగా, పది గజాల తర్వాత ఏమీ లేనట్టుగా ఉంటే, అది లైటు లోపం. దీన్ని తేల్చుకునే సులువైన మార్గం ఒకటుంది. రుద్దని ఎడమ లైటైనా కొంత పనిచేస్తోంది కనుక, ఒక సాయంత్రం మీరు అదే గట్టు మీద, పగలు బాగా తెలిసిన కొద్ది దూరం నెమ్మదిగా నడిపి చూడండి, లేదా ఎవరిచేతనైనా నడిపించి మీరు పక్కన కూర్చోండి. వయసులో ఉన్న కళ్ళకు కూడా దారి కనబడకపోతే, తీర్పు లైట్ల మీదే. తర్వాత మంచి లైట్లున్న మరొకరి కారులో నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని అదే దారిలో తీసుకెళ్ళండి. ఆయన ఏమంటారో వినండి.

మసకబారిన లైట్లు ఎంత వెలుగును మింగేస్తాయో చాలామందికి అంచనా ఉండదు. అమెరికాలో వాహనదారుల సంఘమైన ఏఏఏ 2018లో జరిపిన పరీక్షల్లో, సుమారు 11 ఏళ్ళు వాడిన లైట్లు కొత్త లైట్లు ఇచ్చే వెలుగులో ఐదో వంతు దగ్గరే ఆగిపోయాయి. రుద్ది బాగుచేసినవి 70 శాతం దాకా తిరిగి వచ్చాయి. మీ నాన్నగారు ఇన్నాళ్ళూ ఐదు దీపాల్లో నాలుగు ఆర్పేసిన దారిలో నడిచారని అనుకోండి. ఆ మాట ఆయనకు చెప్పండి, తన కళ్ళ గురించి ఆయన ఇచ్చుకున్న తీర్పు కొంత మెత్తబడుతుంది. అలాగని కంటి పరీక్షను వాయిదా వేయవద్దు. రెండేళ్ళ క్రితం మొదలైన శుక్లం ఈపాటికి ఎక్కడికి వచ్చిందో డాక్టరే చెప్పాలి.

ఇప్పుడు కారు దగ్గరికి వద్దాం. మసక బయటివైపు ఉందా, లోపలివైపు ఉందా అన్నది ముందు చూడాలి. లైటు మీద చెంబెడు నీళ్ళు పోయండి. తడిగా ఉన్నంతసేపూ లోపలి బల్బు స్పష్టంగా కనిపించి, ఆరగానే మళ్ళీ తెల్లబడితే, లోపం బయటివైపే. గీతల్లో నీళ్ళు నిండి క్షణకాలం సాపు చేశాయన్నమాట. మీరు రుద్దిన కుడి లైటు దాదాపు ఖాయంగా ఇలాగే ప్రవర్తిస్తుంది, ఆ దృశ్యం మీకు ధైర్యాన్నిస్తుంది. తడిపినా మసక పోకపోతే, లోపల చెమ్మ చేరిందని గానీ లోపలి నుంచి దుమ్ము పట్టిందని గానీ అర్థం. అప్పుడు ఎంత రుద్దినా లాభం లేదు. అలాగే బల్బు వెనకాల ఉండే వెండిరంగు గిన్నెను, అంటే రిఫ్లెక్టరును, పగటి వెలుగులో జాగ్రత్తగా చూడండి. అది నల్లగా మాడి ఉన్నా, పూత పొరలుగా రాలి ఉన్నా, ఆ లైటుకు కొత్తది వేయడం తప్ప దారి లేదు. బల్బు గాజు లోపల నల్లబారి ఉంటే రెండు బల్బులూ ఒకేసారి మార్చండి, మీ కారుకు సరిపడేది మామూలు 60/55 వాట్ల హెచ్4 బల్బు. దాని గాజును వేళ్ళతో ముట్టుకోవద్దు, వేలి జిడ్డు అంటిన చోట వేడి ఎక్కువై త్వరగా పోతుంది.

ఇవన్నీ బాగుంటే మీ ముందు ఉన్న దారుల్లో మూడింటిని నేను మొదటే పక్కన పెడతాను.

దోమల మందు వద్దు. కొన్నిటిలో ఉండే డీట్ అనే రసాయనం ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది, పై పొర కరిగి సాపు కావడం వల్ల కాసేపు మెరుస్తుంది, తర్వాత జిగటపట్టి పగుళ్ళు తేలుతుంది. పెట్రోలు, థిన్నరు, గోళ్ళరంగు తుడిచే ద్రవం కూడా ఇదే కోవలోవి. ఆవిరి పరికరం కూడా వద్దు. అందులో వేడి చేసేది సాధారణంగా క్లోరిన్ కలిసిన ఘాటైన ద్రావకం. ప్లాస్టిక్ ఉపరితలాన్ని కరిగించి నున్నగా చేస్తుంది, ప్రకటనలో చూపినంత అందంగానూ వస్తుంది, కానీ ఎండ నుంచి కాపాడే పూత ఏదీ అది ఇవ్వదు, పైగా ఆ ఆవిరి ఊపిరితిత్తుల్లోకి పోవడం ప్రమాదం. తమ్ముడు చెప్పిన ఎల్ఈడీ బల్బుల సంగతి: మీ కారు రిఫ్లెక్టరు, హాలోజన్ బల్బులోని తీగ ఎక్కడ వెలుగుతుందో ఆ చోటును లెక్కగట్టి తయారుచేసినది. వేరే రకం బల్బు వేస్తే వెలుగు పడవలసిన చోట పడదు. మసకబారిన కప్పు వెనకాల బల్బును పెద్దది చేస్తే, చెదిరే వెలుగే పెరుగుతుంది, అది ఎదురుగా సైకిలు మీద వచ్చే మరో పెద్దాయన కళ్ళలో పడుతుంది. మీ తమ్ముడు అక్కడి నుంచే సాయం చేయాలనుకుంటే, కంటి డాక్టరు దగ్గర సమయం తీసుకోమనండి.

ఇక నిజమైన దారులు. మొదటిది, కొత్త లైట్ల జత. దుకాణంలో చెప్పిన ధర కంపెనీ సరుకుదా, బయటి తయారీదా అన్నది అడిగి తెలుసుకోండి. ఏఏఏ పరీక్షల్లో కంపెనీ లైట్లు పూర్తి వెలుగు ఇచ్చాయి, బయటి తయారీవి 83 నుంచి 90 శాతం మధ్య ఇచ్చాయి, అంటే రుద్దినవాటి కంటే రెండూ మెరుగే. కాకపోతే చవక సరుకులో రక్షణ పూత పల్చగా ఉంటే త్వరగా మళ్ళీ పసుపెక్కుతుంది. కారును ఇంకా ఐదేళ్ళు ఉంచుకునే ఉద్దేశం ఉండి, డబ్బు అందుబాటులో ఉంటే, ముఖ్యంగా నాన్నగారు రాత్రి ప్రయాణాలు మానుకోలేని పరిస్థితి ఉంటే, నేను దీనికే మొగ్గుతాను. కారును నిజంగానే అమ్మేసేటట్టయితే ఈ ఖర్చు వెనక్కి రాదు.

రెండవది, ఇంట్లో రుద్ది మైనం పూయడం. రుద్దాక పాలిష్ చేసి, కార్లకు వాడే మైనం పూసి, రెండు నెలలకోసారి మళ్ళీ పూస్తూ ఉండాలి. మరచిపోయిన వేసవిలో పసుపు తిరిగి వస్తుంది. అమ్మకానికి పెట్టే కారుకు ఇది చాలు. నాన్నగారి రోజువారీ కారుకు చాలదు.

మూడవది నాకు మీ పరిస్థితికి అన్నిటికంటే నచ్చింది: రుద్దే పని ఇంట్లో మీరు చేయడం, పూత పని టింకరింగ్ షెడ్డులో పెయింటరు చేత చేయించడం. కార్ల రంగు మీద చివరగా కొట్టే పారదర్శకమైన క్లియర్‌లో గట్టిపరిచే ద్రవం కలిపి కొడతారు, దాన్నే టూకే క్లియర్ అంటారు. అది గట్టి పొరగా అతుక్కుని ఎండను తట్టుకుంటుంది, బాగా వేస్తే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. స్ప్రే డబ్బాలో కూడా దొరుకుతుంది గానీ, అందులోని ఐసోసైనేట్ అనే పదార్థం పీలిస్తే ఊపిరితిత్తులకు హాని. ఇంటి వరండాలో కొట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. పెయింటరు మరో కారు బానెట్‌కు క్లియర్ కలిపిన రోజున మీ కారు తీసుకెళితే, మిగిలిన దానితో కొట్టి ఇస్తాడు. ముందుగానే మాట్లాడి పెట్టుకోండి. మొదటి కోటు మంచు పట్టినట్టు పల్చగా కొట్టమని చెప్పడం మరచిపోవద్దు, ఒక్కసారిగా తడిగా కొడితే అందులోని ద్రావకం ప్లాస్టిక్‌ను కొరికి సన్నని పగుళ్ళు తెస్తుంది.

రుద్దడం ఎలాగో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఒకసారి చేయి కాల్చుకున్న పనిని రెండవసారి సగం తెలివితో చేయకూడదు. పెయింట్ల దుకాణంలో వాటర్ పేపర్ అని అడగండి, నీళ్ళలో నానినా చిరగని నల్లని కాగితం అది. 400, 600, 800, 1000, 1500 నంబర్లు రెండేసి చొప్పున తీసుకోండి. నంబరు పెరిగే కొద్దీ గరుకు తగ్గుతుంది. కాగితాలను బకెట్ నీళ్ళలో పావుగంట నానబెట్టి, ఆ నీళ్ళలో నాలుగు చుక్కల షాంపూ వేయండి. లైటు చుట్టూ ఉన్న రంగు మీద, బంపరు మీద మాస్కింగ్ టేపు రెండు వరసలు అంటించండి. కారును ముందే కడిగి ఉండాలి, ఒక్క ఇసుక రేణువు కాగితం కింద చేరినా కొత్త గీత పడుతుంది.

కుడి లైటును 400తో మొదలుపెట్టండి, 220 చేసిన గీతలను తీయాలంటే 400 కంటే సన్నని కాగితానికి శక్తి చాలదు. ఎడమ లైటుకు 800 చాలు, పూత పొట్టులా లేచి ఉంటే 600. కాగితాన్ని గిన్నెలు తోమే మెత్తని స్పాంజికి చుట్టి, బలంగా నొక్కకుండా, నీళ్ళు ధారగా పోస్తూ మొదట అడ్డంగా మాత్రమే రుద్దండి. కారే నీళ్ళను గమనించండి. మొదట అవి పసుపురంగులో కారుతాయి, అది చచ్చిన పూత. కాసేపటికి బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా మారతాయి, ఆరోగ్యమైన ప్లాస్టిక్ దాకా వచ్చారని అర్థం. అప్పుడు ఆపి, పాత నూలు బట్టతో పూర్తిగా తుడిచి, ఏటవాలుగా చూడండి. ఉపరితలమంతా ఒకేరకం మసకతో, గీతలన్నీ అడ్డంగానే ఉండాలి. వాటి మధ్య ఏటవాలుగా పోయిన పాత గీత ఒక్కటి కనిపించినా, తర్వాతి కాగితానికి వెళ్ళవద్దు, అక్కడే ఇంకాసేపు రుద్దండి. తర్వాతి నంబరును నిలువుగా రుద్దండి, దాని తర్వాతిది మళ్ళీ అడ్డంగా. దిక్కు మారుస్తూ పోవడం వల్ల ముందరి కాగితం గీతలు పోయాయో లేదో కంటికి తెలుస్తుంది. తొందరపడి ఒక నంబరు దాటేసినవారు చివర్లో పాలిష్ చేశాక, వెలుగులో ఆ గీతలన్నీ బయటపడితే మళ్ళీ మొదటికి రావలసి వస్తుంది. ఒక్కో లైటుకు గంట సమయం పెట్టుకోండి.

క్లియర్ కొట్టించేటట్టయితే 1500 దగ్గర ఆపేయండి. అప్పటికి లైటు పూర్తిగా మెరవదు, పల్చని పొగమంచు పట్టినట్టు ఉంటుంది, అలా ఉంటేనే పూత పట్టుకుంటుంది. ఆ సన్నని గీతలను క్లియరే నింపి పారదర్శకం చేస్తుంది. మైనం దారికే వెళ్ళేటట్టయితే మాత్రం 2000, 3000 దాకా వెళ్ళి, ఆపైన రబ్బింగ్ కాంపౌండుతో మెరుగు పెట్టాలి. షెడ్డులో పూతకు ముందు జిడ్డు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడమనండి, థిన్నరు గుడ్డ దగ్గరికి రానివ్వవద్దు.

ఈ పనిలో ఒక ఘట్టం ఉంది, దానికి మీరూ నాన్నగారూ ముందే సిద్ధపడాలి. 400, 600 రుద్దిన తర్వాత ఆ లైటు ఇప్పటికంటే తెల్లగా, ఇంకా అధ్వాన్నంగా కనిపిస్తుంది. ఆ సమయంలో ఆయన వాకిట్లోకి వచ్చి చూస్తే, కిందటిసారి బాధ మళ్ళీ మొదలవుతుంది. కనుక ఆయనకు తెలియకుండా చేయవద్దు. ముందే కూర్చోబెట్టి ఏ కాగితం తర్వాత ఏది, ఎందుకు అని చెప్పండి, నీళ్ళు పోసే చెంబు ఆయన చేతికివ్వండి. పసుపు నీళ్ళు తెల్లబడడం ఆయన కళ్ళతో ఆయనే చూస్తారు. మీ ఇద్దరి మధ్య ఉన్న మౌనానికి నాకు తెలిసిన మందు ఇదొక్కటే.

పనికి ముందు ఒక సాయంత్రం, కారును సమతలంగా ఉన్న చోట గోడకు పాతిక అడుగుల దూరంలో నిలిపి, లో బీమ్ (కిందికి పడే దగ్గరి వెలుగు) వేసి, గోడ మీద వెలుగు పై అంచు ఎక్కడ ఆగుతుందో సుద్దతో గీయండి, ఫోనులో ఫొటో తీయండి. వెలుగు గీత లైటు ఎత్తు కంటే కొద్దిగా కిందనే ఉండి, ఎడమవైపు మాత్రం ఏటవాలుగా పైకి లేవాలి, మన రోడ్లలో ఎడమ అంచు కనబడడానికి ఆ ఏర్పాటు. పెయింటరు లైట్లు విప్పి మళ్ళీ బిగించాక ఆ గీతతో పోల్చి సరిచేయించుకోండి. బాగుపడిన లైటు పైకి చూస్తుంటే, ఎదుటివారికి మీరు కొత్త ఇబ్బంది తెచ్చినవారవుతారు. రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే నాన్నగారికి వేరే వివరణ అక్కర్లేదు.

రిజిస్ట్రేషన్ విషయానికి వస్తే, గడువు తీరే ముందు 60 రోజుల్లోపు ఫారం 25తో దరఖాస్తు చేసుకోవాలి, బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు చూపించాలి. ఆయన చూసేవాటిలో లైట్లు కూడా ఉంటాయి. ఒకటి తెల్లగా ఒకటి పసుపుగా ఉన్న జతతో అక్కడికి వెళ్ళవద్దు. క్రిస్మస్ నుంచి సంక్రాంతి మధ్య, మంచు విడిచిన తర్వాత పొడిగా ఉన్న పూట పని పెట్టుకుంటే వ్యవధి సరిపోతుంది. గాలిలో చెమ్మ ఎక్కువగా ఉన్న రోజు క్లియర్ కొడితే తెల్లబారే ప్రమాదం ఉంది, పెయింటరు తొందరపడినా మీరు ఆగండి.

మీ రేకుల షెడ్డు పడమటి ముఖంగా ఉందనీ, కారు ముందు భాగం ఎండలో ఉంటుందనీ, ఎడమవైపు గోడ నీడ పడుతుందనీ రాశారు. కుడి లైటు ఎక్కువ పసుపెక్కడానికి కారణం ఆ సాయంకాలపు ఎండే. రేపటి నుంచి కారును వెనక్కి నడిపి లోపల పెట్టకుండా, ముందుకు నడిపి లోపలికి దూర్చి నిలపండి. లైట్లు నీడలోకి పోతాయి. ఖర్చు లేని పని ఇది.

చివరిగా, నాన్నగారిని మళ్ళీ నడపమనడం న్యాయమేనా అన్న ప్రశ్న. నడపమనీ, మానమనీ మీరు ఆజ్ఞ ఇవ్వనక్కర్లేదు. శుక్లం ముదిరిందని డాక్టరు చెబితే, ఆపరేషన్ అయ్యేదాకా చీకటి పడకముందే ఇంటికి వచ్చేలా పొలం పని సర్దుకోవచ్చు, లేదా తిరుగు ప్రయాణంలో మీరు స్టీరింగు తీసుకోవచ్చు. కళ్ళు బాగానే ఉన్నాయంటే, లైట్లు బాగయ్యాక మొదటి రెండు మూడు రాత్రులు పక్కన కూర్చుని వెళ్ళండి, ఆయనకే తన మీద నమ్మకం తిరిగి వస్తుందో లేదో చూడండి. కారు అమ్మాలా వద్దా అన్నది అప్పుడు ఆయన నిర్ణయిస్తారు, తెల్లబడిన లైటును చూసి తీసుకున్న నిర్ణయం కంటే అది గట్టిదవుతుంది.

ఒక మాట మాత్రం ఆయనకు తప్పక చెప్పండి. నల్ల టార్పాలిన్ వెలుగును తిప్పికొట్టదు, మింగేస్తుంది. కొత్త లైట్లకు కూడా అది దగ్గరికి వచ్చేదాకా చిక్కదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. కాలు బ్రేకు మీద పడి బండి ఆగేసరికి 40 మీటర్లకు పైగా గడిచిపోతాయి, లో బీమ్ వెలుగు స్పష్టంగా అందేది ఇంచుమించు అంత దూరమే. సార్వా కోతలు మొదలయ్యాయి కనుక, గట్టు మీద కుప్పలు లేచిపోయేదాకా ఆ దారిలో 40 దాటవద్దని, స్టీరింగు ఎవరి చేతిలో ఉన్నా, మీ ఇంట్లో అందరూ ఒక మాట అనుకోండి.